విమానం ఎక్కే ముందు, బడికో ఉత్తరం



మే, జూన్ నెలలు వచ్చాయంటే మన ఊళ్లలో విదేశీ ప్రయాణాల హడావుడి మొదలవుతుంది. అమెరికాలో చాలాచోట్ల బడులు ఆగస్టులో తెరుస్తారు కాబట్టి, పిల్లలున్న కుటుంబాలు ఆలోపే చేరుకోవాలని చూస్తాయి. పాస్‌పోర్టులు, పిల్లల టీకాల కార్డు, పుట్టినతేదీ సర్టిఫికెట్, పాత బడి ఇచ్చిన టీసీ, మార్కుల కార్డులు అన్నీ ఒక ఫోల్డరులో సర్దుకుంటారు. ఆ ఫోల్డరులోనే ఉండాల్సిన ఒక కాగితాన్ని మాత్రం కొందరు తల్లిదండ్రులు కావాలనే బీరువాలో వదిలి వెళ్తారు. బిడ్డకు చదవడంలోనో రాయడంలోనో లెక్కల్లోనో ఇబ్బంది ఉందని ఇక్కడి సైకాలజిస్టు పరీక్షించి రాసిచ్చిన రిపోర్టు అది. దాని గురించే ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను.

నేను స్పెషల్ ఎడ్యుకేటర్ని. చదువులో వెనకబడ్డ పిల్లల పక్కన కూర్చుని చదివించడమే నా పని. ప్రయాణం దగ్గరపడ్డాక తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, అక్కడ అంతా కొత్త. వీడి సంగతి ఎవరికీ తెలియదు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టొచ్చు కదా? ఆ రిపోర్టు చూపిస్తే వెళ్లిన రోజే ముద్ర పడిపోదూ?" ఆ ప్రశ్న వెనకున్న బాధ నాకు తెలుసు. ఆ బిడ్డను ఇక్కడ క్లాసులో నిలబెట్టి ఉంటారు, మొద్దు అని ఉంటారు. పేరెంట్స్ మీటింగులో నలుగురి ముందూ తల్లిని నానా మాటలూ అని ఉంటారు. అన్నీ పడ్డ మనిషికి దాచేద్దామనిపించడం సహజం. అయినా నా జవాబు ఎప్పుడూ ఒకటే. దాచకండమ్మా. ఆ కాగితం మీ బిడ్డకు ఇక్కడ అవమానం తెచ్చిందేమో కానీ, మీరు వెళ్లే చోట దానివల్లే సాయం త్వరగా అందుతుంది.

డిస్లెక్సియా అనే మాట 2007లో 'తారే జమీన్ పర్' సినిమా వచ్చాక మన ఇళ్లలో కాస్త తెలిసింది. చదవడంలో ఇబ్బందిని డిస్లెక్సియా అంటారు, రాతలో అయితే డిస్‌గ్రాఫియా, లెక్కల్లో అయితే డిస్‌కాల్క్యులియా. మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో వీటి ఊసే లేదు. 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, అందులో వీటినీ చేర్చింది. ఈ పిల్లలకు చూపు బాగుంటుంది, వినికిడి బాగుంటుంది, తెలివికి లోటుండదు. అక్షరాన్ని చూసి దాని శబ్దాన్ని పట్టుకునే దగ్గరే వాళ్లకు కష్టం.

నాలుగో తరగతి పిల్లవాడి నోటు పుస్తకం ఒకటి తెరిచి చూద్దాం. తెలుగు డిక్టేషన్‌లో 'మామయ్య' అని చెబితే 'యామమ' అని రాశాడు. 'అమ్మ'లో మకారవత్తు లేదు. 'పువ్వు' కాస్తా 'వుపు' అయింది. ఒకే మాటను నాలుగుసార్లు చెరిపి రాయడంతో రబ్బరు అరిగి, కాగితానికి చిల్లు పడింది. ఇప్పుడు ఇంగ్లీషు పుస్తకం తీయండి. అక్కడ బీ రాయాల్సిన చోట డీ ఉంది, మాటల్లో అచ్చులు మాయమయ్యాయి. అదే పిల్లవాడికి చెరువు తూము గురించి పాఠం చదివి వినిపించి ప్రశ్నలడగండి. నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఏ పొలానికి ముందు పారుతాయో, పాఠంలో లేని సంగతులు కూడా చెబుతాడు. నోటితో చెప్పినదానికీ చేత్తో రాసినదానికీ ఉన్న ఈ దూరాన్నీ, రెండు భాషల్లోనూ అదే తడబాటునూ గుర్తుపెట్టుకోండి. అమెరికా బడిలో మీకు పనికొచ్చేవి ఇవే. ఎలాగో చెబుతాను.

అమెరికాలో కూడా ఈ పిల్లలకు బడి తలుపులు వాటంతటవి తెరుచుకోలేదు. 1975 దాకా పదిలక్షల మంది దాకా వైకల్యం ఉన్న పిల్లలు అసలు ప్రభుత్వ బడుల బయటే ఉండిపోయారు. తల్లిదండ్రులు కోర్టులకెక్కారు, ఉద్యమాలు చేశారు. ఆ ఏడాది నవంబరు 29న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. 1990లో దాని పేరు మారింది. ఇప్పుడు అందరూ పొడి అక్షరాల్లో 'ఐడియా' అంటారు. మూడేళ్ల వయసు నుంచి 21 ఏళ్ల దాకా, అర్హత ఉన్న ప్రతి బిడ్డకూ తన అవసరానికి తగిన చదువును ప్రభుత్వ బడి ఉచితంగా అందించాలన్నది దాని సారం. అలాంటి పిల్లలు ఎక్కడున్నారో వెతికి పట్టుకునే బాధ్యత కూడా బడిదే.

"మేం పౌరులం కాదు కదా, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద వెళ్తున్న పిల్లలకు ఇదంతా ఇస్తారా?" అని అడుగుతారు. ఇస్తారు. వలస హోదా చూసి పిల్లలను ప్రభుత్వ బడికి రానివ్వకపోవడం కుదరదని 1982లోనే అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ బడిలో చేరిన బిడ్డకు ప్రత్యేక విద్య చట్టం కూడా వర్తిస్తుంది. గ్రీన్‌కార్డుకు అడ్డమవుతుందేమోనన్నది ఇంకో భయం. ప్రభుత్వం మీద ఆధారపడేవారిని లెక్కగట్టే నిబంధనలను 2019లో బాగా కఠినం చేసినప్పుడు కూడా, వాటిని మార్చి 2022లో కొత్తవి తెచ్చినప్పుడు కూడా, బడిలో అందే ప్రత్యేక విద్యను ఆ లెక్కలో వేయలేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ ఇమిగ్రేషన్ లాయరును ఒక మాట అడగండి. అంతేగానీ ఎవరో వాట్సాప్ గ్రూపులో అన్న మాట పట్టుకుని బిడ్డ చదువు ఆపకండి. ఇక రికార్డులు ఎవరైనా చూస్తారేమో, రేపు సంబంధాలు చూసేటప్పుడు బయటపడుతుందేమో అని కూడా కొందరు దిగులు పడతారు. బడి రికార్డుల గోప్యతకు అక్కడ 1974 నుంచీ చట్టం ఉంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఆ కాగితాలు బయటివాళ్ల చేతికి ఇవ్వకూడదు.

ఇప్పుడు పని ఎలా నడుస్తుందో చూద్దాం. బిడ్డను చేర్చిన వారంలోనే ప్రిన్సిపాల్‌కూ, స్కూల్ డిస్ట్రిక్టులో ప్రత్యేక విద్య చూసే అధికారికీ ఒక ఉత్తరం రాయండి. ఈమెయిల్ అయినా సరే, తేదీ ఉండాలి. "మా అబ్బాయికి చదవడంలో ఇబ్బంది ఉందని ఇండియాలో గుర్తించారు. రిపోర్టు జతచేస్తున్నాం. ప్రత్యేక విద్యకు అర్హత ఉందో లేదో తేల్చడానికి పూర్తి స్థాయి పరీక్షలు జరపమని కోరుతున్నాం." ఈ మూడు వాక్యాలు చాలు. నోటిమాటగా క్లాసు టీచరుకు చెబితే, ఆమె ఎంత మంచి మనిషైనా, అది మాటగానే మిగిలిపోవచ్చు. ఉత్తరం అందాక బడి ఊరుకోవడానికి వీల్లేదు. పరీక్షలు జరపడానికి మీ అంగీకారం తీసుకోవాలి, లేదా ఎందుకు జరపడం లేదో రాతపూర్వకంగా చెప్పాలి. మీరు అంగీకార పత్రం మీద సంతకం పెట్టిన నాటినుంచి 60 రోజుల్లో పరీక్షలు పూర్తి కావాలన్నది కేంద్ర చట్టం. కొన్ని రాష్ట్రాలు సొంత గడువు పెట్టుకున్నాయి. అర్హత ఉందని తేలితే 30 రోజుల్లో సమావేశం జరిపి, ఆ బిడ్డ కోసమే ఒక విద్యా ప్రణాళిక రాయాలి. దాన్నే ఐఈపీ అంటారు.

మన రిపోర్టు చూసి వెంటనే ఐఈపీ ఇచ్చేయరు. వేరే దేశంలో జరిగిన పరీక్షలకు కట్టుబడాల్సిన పని వాళ్లకు లేదు. కానీ తల్లిదండ్రులు ఇచ్చిన సమాచారాన్ని చూసి తీరాలని చట్టంలోనే ఉంది. అందుకే అది మీ చేతిలో ఉండాలి.

మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కుపోయేది ఇక్కడే, కాస్త జాగ్రత్తగా వినండి. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారంలో అడుగుతారు. తెలుగు అని నిజమే రాయండి. అప్పుడు బిడ్డకు ఇంగ్లీషు ఎంత వచ్చో ఒక పరీక్ష పెడతారు. తక్కువ మార్కులొస్తే ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల జాబితాలో చేరుస్తారు. అందులో తప్పేమీ లేదు, అదీ సాయమే. తర్వాత మీరు చదవడంలో ఇబ్బంది గురించి ఎత్తితే, "పిల్లవాడు కొత్తగా వచ్చాడు, భాష కుదురుకోనివ్వండి, ఏడాది చూద్దాం" అంటారు. సదుద్దేశంతోనే అంటారు. మనవాళ్లూ హమ్మయ్య అనుకుంటారు, ఎందుకంటే వినాలనుకున్న మాట అదే. ఆ ఏడాది రెండేళ్లవుతుంది. రెండో తరగతిలో అందాల్సిన సాయం నాలుగో తరగతికి గానీ అందదు. ఈలోగా పిల్లవాడు తనకు చదువు రాదని తనలో తానే తీర్మానించుకుంటాడు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ రెండేళ్లే.

ఇంగ్లీషు రాకపోవడమే అసలు కారణమైతే ఆ బిడ్డకు వైకల్యం ఉన్నట్టు తేల్చకూడదని చట్టం చెబుతుంది. అది మంచి నియమమే, వలస వచ్చిన పిల్లలను అడ్డగోలుగా ప్రత్యేక విద్యలోకి నెట్టకుండా కాపాడుతుంది. కానీ ఇంగ్లీషు నేర్చుకుంటున్నారన్న నెపంతో పరీక్షలనే వాయిదా వేయకూడదని 2015 జనవరిలో అమెరికా విద్యాశాఖ, న్యాయశాఖ కలిసి అన్ని బడులకూ లేఖ రాశాయి. రెండు రకాల సాయమూ ఒకే బిడ్డకు ఒకేసారి అందవచ్చని కూడా అందులో స్పష్టంగా చెప్పాయి. ఆ లేఖను 2025లో ఉపసంహరించారు. ఇందాక మనం తెరిచి చూసిన తెలుగు నోటు పుస్తకం ఇప్పుడు బయటికి తీయండి. ఇబ్బంది ఇంగ్లీషులోనే కనిపిస్తే అది కొత్త భాష వల్ల కావచ్చు. ఎల్‌కేజీ నుంచీ రాస్తున్న తెలుగులో కూడా అదే తడబాటు ఉంటే కారణం వేరే ఉందన్నమాట. తెలుగు చదవలేని సైకాలజిస్టుకు కూడా, డిక్టేషన్ మాటల పక్కన మీరు సరైన రూపం రాసి చూపిస్తే ఎక్కడ తప్పిందో కళ్లకు కడుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పండి. మన పిల్లల్లో చాలామంది మొదటినుంచీ ఇంగ్లీషు మీడియంలోనే చదివి ఉంటారు. ఇంట్లో తెలుగు అని ఫారంలో చూసిన వాళ్లకు ఆ విషయం తెలియదు. "ఐదేళ్లుగా వీడి పాఠాలన్నీ ఇంగ్లీషులోనే" అని పాత బడి రికార్డులతో చూపిస్తే, భాష కొత్త అన్న మాట నిలవదు. తెలుగు వచ్చిన పరీక్షకుడు దొరక్కపోయినా, పిల్లవాడి మాతృభాషను లెక్కలోకి తీసుకునే పరీక్షలు జరపమని, దుబాసీని పెట్టమని అడగండి. దానికి బడి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఇక ఐఈపీ సమావేశం. ఒక బల్ల చుట్టూ క్లాసు టీచరు, స్పెషల్ ఎడ్యుకేటర్, సైకాలజిస్టు, డిస్ట్రిక్టు తరఫున ఒకరు కూర్చుంటారు. అందరి ముందూ ల్యాప్‌టాప్‌లు. పొడి అక్షరాల మాటలు గడగడా దొర్లుతుంటాయి. మన తల్లిదండ్రులు టీచరుకు ఎదురు చెప్పకూడదన్న పెంపకంలోంచి వచ్చినవాళ్లు. తలూపుతూ విని, "థాంక్యూ" చెప్పి, సంతకం పెట్టి వచ్చేస్తారు. అలా చేయకండి. ఆ బల్ల దగ్గర తల్లిదండ్రులు కూడా సభ్యులే, చట్టం ఇచ్చిన స్థానం అది. ముసాయిదా ముందే పంపమని అడగవచ్చు. అర్థం కాకపోతే తెలుగు దుబాసీని అడగవచ్చు, ఫోనులోనైనా ఏర్పాటు చేస్తారు. వచ్చినట్టు హాజరు సంతకం పెట్టి, "ఇంటికి తీసుకెళ్లి చదువుకుని చెబుతాం" అనవచ్చు.

చదివేటప్పుడు లక్ష్యాలను చూడండి. 'పఠన సామర్థ్యం మెరుగుపడుతుంది' అని రాస్తే ఒప్పుకోకండి. ఏడాది చివర దాన్ని ఎలా కొలుస్తారు? "ఇప్పుడు తన స్థాయి పాఠాన్ని నిమిషానికి 40 మాటలు చదువుతున్నాడు. వచ్చే మే నాటికి 75 చదవాలి. ఇందుకోసం వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు, నలుగురికి మించని గుంపులో, అక్షర శబ్దాలను వరుసగా నేర్పే పద్ధతిలో పాఠం." అంకెలు ఉదాహరణకు చెప్పాను, మీ బిడ్డవి వేరే ఉంటాయి. లక్ష్యం మాత్రం అలా ఉండాలి. ఏదో కాస్త ముందుకు జరిగితే చాలని బడి సరిపెట్టుకోకూడదనీ, ఆ బిడ్డ పరిస్థితికి తగిన ప్రగతి కనిపించాలనీ 2017లో కొలరాడో కుటుంబం వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ప్రణాళికను ఏటా సమీక్షించాలి, మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షించాలి. బడి పరీక్షల ఫలితం మీకు సబబుగా తోచకపోతే, బయటి నిపుణుడితో బడి ఖర్చు మీదే మళ్లీ పరీక్ష చేయించమని కోరే హక్కు ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ కేంద్ర నిధులతో నడిచే తల్లిదండ్రుల సహాయ కేంద్రం ఉంటుంది. లాయరు దాకా వెళ్లకముందే వాళ్లకు ఫోను చేయండి, పైసా తీసుకోరు.

కొన్నిసార్లు బడి ఐఈపీ బదులు '504 ప్లాన్' ఇస్తామంటుంది. 1973 నాటి చట్టంలోని సెక్షన్ పేరు మీద వచ్చిన మాట అది. పరీక్షలో అదనపు సమయం, ముందు వరుసలో సీటు, పాఠాన్ని ఆడియోలో వినే వీలు లాంటివి దానివల్ల వస్తాయి. కొందరు పిల్లలకు అవి చాలు. చదవడమే రాని పిల్లవాడికి మాత్రం గంట అదనంగా ఇచ్చి ఏం లాభం? వాడికి కావలసింది పక్కన కూర్చుని నేర్పే మనిషి.

చట్టం ఇంత గట్టిగా ఉన్నప్పుడు అడగకుండానే అన్నీ అవుతాయనుకోకండి. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోలలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆ టెక్సాస్ రాష్ట్రమే 2004లో ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతానికి మించకుండా ఉండాలన్నట్టు ఒక లెక్క పెట్టుకుంది. హ్యూస్టన్ క్రానికల్ పత్రిక 2016లో దాన్ని బయటపెట్టింది. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ అది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ పన్నెండేళ్లలో సాయం అందక పెద్దవాళ్లయిపోయిన పిల్లలున్నారు. పట్టుబట్టి అడిగిన తల్లిదండ్రుల పిల్లలకే అలాంటి చోట కొంత మేలు జరిగింది. ఉద్యోగం మారి న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కో, టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకో వెళ్లేవాళ్లకు ఒక ఊరట ఉంది. పాత రాష్ట్రంలో రాసిన ఐఈపీ చూపిస్తే, కొత్త బడి తన పరీక్షలు ముగించేదాకా దానికి సమానమైన సేవలు ఇవ్వాలి. కాబట్టి కాపీ ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.

ఇంగ్లండు వెళ్లేవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. డిపెండెంట్ వీసా మీద వెళ్లిన పిల్లలకు అక్కడి ప్రభుత్వ బడి ఉచితమే. ప్రతి బడిలోనూ ఇలాంటి పిల్లల బాధ్యత చూసే టీచరు ఉంటారు, 'సెన్‌కో' అంటారు. మీ ఉత్తరం ఆమెకు రాయండి. ఎక్కువ సాయం కావలసిన పిల్లలకు 2014 చట్టం ప్రకారం స్థానిక కౌన్సిల్ ఒక ప్రణాళిక ఇస్తుంది. అడిగిన నాటినుంచి 20 వారాల్లో పూర్తి కావాలన్నది నియమం, కానీ ఆలస్యాలు మామూలే. కెనడాలో ఒకప్పుడు ప్రత్యేక విద్యకయ్యే ఖర్చును కూడా చూపించి వలస అర్జీలు తిరస్కరించేవారు, 2018లో ఆ విద్యను ఆ లెక్కలోంచి తీసేశారు. దుబాయ్ సంగతి పూర్తిగా వేరు. మన పిల్లలు చదివేవి ప్రైవేటు బడులు. అందరినీ చేర్చుకోవాలన్న విధానం 2017లో వచ్చింది. అయినా పక్కన కూర్చునే సహాయకురాలి జీతం తరచుగా తల్లిదండ్రుల మీదే పడుతుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే ఆ ఖర్చు గురించి కంపెనీతో మాట్లాడుకోండి.

ఇక్కడే చేసుకోవాల్సిన పనులు కొన్నున్నాయి. బిడ్డకు ఇంతవరకూ పరీక్షలే జరగకపోతే ప్రయాణానికి మూడు నాలుగు నెలల ముందే చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. పేరున్న ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉండాలి. ఏ పరీక్ష ఏ తేదీన జరిగింది, స్కోర్లు ఎంత అన్నవి విడివిడిగా రాయించుకోండి. 'స్లో లర్నర్' అని ఒక ముక్క రాసిచ్చే చీటీ ఎందుకూ కొరగాదు. చూపు, వినికిడి పరీక్షల కాగితాలు కూడా జతచేయండి, ఎవరైనా ముందు అడిగేవి అవే. క్లాసు టీచరుతో బిడ్డ ఏది బాగా చేస్తాడో, ఎక్కడ ఆగిపోతాడో ఒక పేజీ రాయించుకోండి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కల నోటు పుస్తకాలు ఒక్కొక్కటి తీసుకెళ్లండి. ఇవన్నీ చేతిసంచిలో పెట్టుకోండి. చెక్-ఇన్ పెట్టె ఏ విమానాశ్రయంలో చిక్కుకుంటుందో చెప్పలేం.

వెళ్లాక ఎవరో ఒకరు మీకో సలహా ఇస్తారు, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమని. ఒప్పుకోకండి. రెండు భాషలు మాట్లాడటం వల్ల డిస్లెక్సియా రాదు, ఒకటి మానేసినంత మాత్రాన తగ్గదు. బడిలో పొద్దంతా మాటలు వెతుక్కుని అలిసిపోయిన పిల్లవాడు ఇంటికొచ్చి ఆపకుండా మాట్లాడగలిగే భాష తెలుగే. తాతయ్యకు ఫోను చేసి ఆ రోజు సంగతులు చెప్పేది ఆ భాషలోనే. వాడి తెలివి అంతా వాడికే వినిపించేది అప్పుడే. దాన్ని తీసేస్తే వాడికి మిగిలేది తడబడే భాష ఒక్కటే.

చివరగా, ఈ ఏర్పాట్లన్నీ పిల్లవాడికి తెలియకుండా చేయకండి. ఎనిమిదేళ్లవాడికైనా చెప్పవచ్చు. "నీ బుర్ర చురుకైనదే. అక్షరాలు పట్టుకోవడానికి నీకు వేరే దారి కావాలి. కొత్త బడిలో ఆ దారి నేర్పే టీచరు ఉంటారు, రోజూ కాసేపు నిన్ను పిలుస్తారు." అలా చెప్పకపోతే, క్లాసు మధ్యలో తన ఒక్కడినే వేరే గదికి పంపుతున్నారేమని వాడు సిగ్గుతో కుంచించుకుపోతాడు. పదహారేళ్లు వచ్చేసరికి హైస్కూలు తర్వాత ఏం చేస్తాడన్న ప్రణాళిక కూడా ఐఈపీలో రాయాలి. ఆ సమావేశానికి పిల్లవాడినే పిలవాలని అక్కడి చట్టం చెబుతుంది. ఆ బల్ల దగ్గర తనకేం కావాలో తనే అడగాలి. కాలేజీకి వెళ్లాక అయితే ఐఈపీ ఉండదు, తల్లిదండ్రుల ఉత్తరమూ పనిచేయదు. సంబంధిత ఆఫీసుకు తానే వెళ్లి, రిపోర్టు చూపించి, పరీక్షలో అదనపు సమయం కావాలని అడిగి తీసుకోవాలి. ఆ మాట పలకడం వాడికి మీ ఇంట్లో, ఈ ప్రయాణానికి ముందే అలవాటు చేయండి.